బుస వినిపించని డెక్కు

జనగామ
జూన్ 1988

చిరంజీవి జగపతికి అక్క సులోచన దీవెనలు.

ఈ ఉత్తరం తెచ్చిన జైసింగ్ చేతిలో ఉన్న అట్టపెట్టెలో ఏముందో ముందు చెప్తాను. తిట్లు తర్వాత.

అందులో ఉన్నది క్యాసెట్ డెక్కు. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన పోయినేడు మన రికార్డింగ్ సెంటరుకు రెండు డెక్కులు ఇచ్చిపోయాడు. కొత్తదాని మీద నేను రోజూ పాటలు ఎక్కిస్తున్నాను. పాతది బీరువా మీద ఊరికే కూర్చుంది. మీకు క్వార్టర్ దొరికిందని మరదలు మనోరమ రాసినప్పుడే అది నీకు పంపాలనుకున్నాను. లోపల రబ్బరు బెల్టు సాగిపోతే మార్చాము. మార్చింది నేను, మార్చానని చెప్పుకుంటున్నది మీ బావ.

ఇక తిట్లు. గోదావరిఖని నుంచి బదిలీ మీద కొత్త గనికి పోయి ఇన్నాళ్లయింది, ఒక్క కార్డు ముక్క రాయలేదు. నువ్వు మైనింగ్ సర్దార్‌వి అయిన సంగతి కూడా మనోరమ చెబితేనే తెలిసింది. "మా తమ్ముడు సర్దార్ అయిండు" అని పక్కింటి ఆమెతో గొప్పగా అంటే, "అయ్యో, పగిడి కట్టిండా?" అంది. కూలీలు లోపల పని మొదలుపెట్టకముందే పైకప్పు బండను కర్రతో కొట్టి చూసి, కింద నిలబడొచ్చో లేదో చెప్పే మనిషి అని వివరించాను. సరిగ్గానే చెప్పానా? నీకు ఆ పని రావడం నాకేం వింత కాదు. చిన్నప్పుడు కుండలు కొనడానికి అవ్వ అంగడికి నన్ను కాదు, నిన్ను తీసుకుపోయేది. నువ్వు వేలితో కొట్టి "గిది నెర్రె వడ్డది" అంటే కుమ్మరాయన మొహం చూడాలి.

డెక్కు ముందు భాగంలో డాల్బీ అని రాసి ఒక మీట ఉంది. దాని పని తెలుసుకుని వాడు. ఏ క్యాసెట్ పెట్టినా పాట వెనకాల సన్నగా బుస్సుమని ఒక శబ్దం ఉంటుంది. అది టేపు శబ్దమే, ఎంత మంచి టేపైనా తప్పదు. ఈ మీట నొక్కి రికార్డు చేస్తే, పాటలో మెల్లగా ఉండే సన్నని శబ్దాలను డెక్కు కాస్త పెద్దవి చేసి ఎక్కిస్తుంది. వినేటప్పుడు మళ్లీ మీట నొక్కితే, పెంచినంతా దించుతుంది. వాటితో పాటు బుస కూడా దిగిపోతుంది. మామూలుగా ఎక్కించిన క్యాసెట్‌కు మాత్రం మీట నొక్కకు. అలా నొక్కితే పాట మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. డెక్కుతో పాటు పెట్టెలో పెట్టిన పాటల క్యాసెట్ మీట నొక్కి ఎక్కించిందే.

పిల్ల సునందకు ముద్దులు. జైసింగ్ మంచివాడిలా ఉన్నాడు. అన్నం తిని పొమ్మంటే మొహమాటపడి, తర్వాత కడుపునిండా తిన్నాడు.

సులోచన


భూపాలపల్లి
జూలై 1988

అక్కకు జగపతి నమస్కారాలు.

తిట్లూ డెక్కూ రెండూ భద్రంగా చేరాయి. పరకాల దగ్గర కండక్టర్ "గా పెట్టె పైన ఏయరాదు?" అంటే, జైసింగ్ "పసిపిల్లను పైన ఏస్తరా?" అని ఇక్కడి దాకా ఒళ్లోనే మోసుకొచ్చాడు. అతను నా దగ్గరే పనిచేస్తాడు. నేను చూపించిన చోట బండ కింద దుంగలు ఆసరాగా నిలబెట్టడం అతని పని. ఊరు మహబూబాబాద్ దగ్గర తండా. నీ చేతి పచ్చిపులుసు గురించి షిఫ్టు షిఫ్టంతా చెబుతున్నాడు.

క్వార్టర్ బాగుంది. మనోరమ డెక్కుకు గుడ్డ కుట్టి కప్పింది. సాయంత్రం అయితే చుట్టుపక్కల వాళ్లు వచ్చి కూర్చుంటున్నారు.

ఒక్క సంగతి. నువ్వు చెప్పిన మీట నొక్కినా తీసినా నాకు తేడా ఏమీ తెలియడం లేదు. నువ్వు భయపెట్టిన బుస అసలు లేనే లేదు. మీట ఖరాబైందేమో. అయితే కానీ, బుస లేనప్పుడు మీటతో నాకేం పని? పాటలు మాత్రం కొంచెం మందంగా వస్తున్నాయి. గొంతులు బాగున్నాయి, ఫిడేళ్లు ఎక్కడో గోడ అవతల వాయిస్తున్నట్టుంది.

ఈ గనిలో బండ కూడా అదే తీరు. గోదావరిఖనిలో గట్టి బండను కొడితే కంచు చెంబులా ఖంగుమనేది. వదులు బండ అయితే డబ్బ చప్పుడు. ఇక్కడ ఎక్కడ కొట్టినా ఇసుక బస్తాను కొట్టినట్టే ఉంటోంది. అందుకని దుంగలు ఎక్కువ పెట్టిస్తున్నాను. కలప అంతా నా జాగాలోనే అయిపోతోందని పైవాళ్లు గొణుగుతున్నారు. గొణగనీ. బండ కింద నిలబడేది వాళ్లు కాదు.

బావకు నమస్కారాలు. బెల్టు ఆయనే మార్చారని నమ్ముతున్నానని చెప్పు.

జగపతి


జనగామ
జూలై 1988

చిరంజీవి జగపతికి,

నీ ఉత్తరం మీ బావ పురుషోత్తానికి చదివి వినిపిస్తే గట్టిగా నవ్వారు. "బుస లేని క్యాసెట్టా? గది మనకు పంపుమను, పూజ చేద్దాం" అన్నారు.

నవ్వులాట కాదు గానీ, అలా ఉండడానికి వీల్లేదు తమ్మీ. సన్నని శబ్దాలు రావడం లేదంటే ఎక్కువగా హెడ్డు మీద మురికి పట్టి ఉంటుంది. బొగ్గు ఊరు కదా, దుమ్ము ఎక్కువ. దూదికి కాస్త స్పిరిట్ అద్ది, టేపు ఆనుకునే ఆ మెరిసే ముక్కను మెల్లగా తుడువు. తర్వాత నేను పంపుతున్న ఖాళీ క్యాసెట్ పెట్టు. మీట తీసేయి. శబ్దం పూర్తిగా పెంచు. పాట లేదు కాబట్టి బుస ఒక్కటే వినబడాలి. అప్పుడు మీట నొక్కితే అది సగానికి తగ్గాలి. మనోరమను పక్కన కూర్చోబెట్టుకుని విను. ఇద్దరికీ ఏం వినిపించిందో రాయి. అప్పటికీ కుదరకపోతే డెక్కు వెనక్కి పంపు, ఇక్కడ విప్పి చూస్తాను.

జైసింగ్ ఉత్తరం రాయించి పంపాడు. తీజ్ పండుగకు వాళ్ల తండాకు రమ్మన్నాడు. వాళ్లమ్మ రామి బాగా పాడుతుందట. ఆ పాటలు టేపులో ఎక్కించి ఇస్తే క్వార్టర్లో పెట్టుకుని వింటాడట. పోదామనుకుంటున్నాను. పొద్దున లేస్తే సినిమా పాటలు ఎక్కించీ ఎక్కించీ విసుగొచ్చింది.

సులోచన


భూపాలపల్లి
ఆగస్టు 1988

అక్కకు,

నువ్వు చెప్పినట్టే తుడిచాను, చెప్పినట్టే విన్నాను. బుస లేదు. పిల్లకు జ్వరంగా ఉండి మనోరమకు తీరలేదు. డెక్కు బాగానే ఉంది. దాని గురించి ఇక పరేషాన్ కావద్దు. వెనక్కి పంపే అవసరం లేదు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. అందరం బాగున్నాం.

జగపతి


మహబూబాబాద్
సెప్టెంబర్ 1988

చిరంజీవి జగపతికి,

స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని రాస్తున్నాను. రైలు ఆలస్యం. ఇంటికి పోయాక రాద్దామంటే, అక్కడ పదిసార్లు ఆలోచించి ఈ ఉత్తరాన్ని తీయగా మార్చేస్తాను. అందుకని ఇక్కడే.

ముందు తండా గురించి చెప్తాను. సెల్స్ మీద నడిచే చిన్న టేప్ రికార్డర్ తీసుకుపోయాను. పిల్లలు బుట్టల్లో మొలిపించిన గోధుమ నారు చుట్టూ తిరుగుతూ పాడారు. రామి వయసులో పెద్దది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పొలం అవతలికి వినబడుతుంది. వాళ్ల భాష నాకు రాదు గానీ, ఒక పాట దగ్గర ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. ఆమె జడలకు రెండు పక్కలా వెండి గజ్జెలు వేలాడుతుంటాయి. పాడుతూ తల తిప్పినప్పుడల్లా అవి చిన్నగా మోగాయి. పాట మొత్తం తిరిగి వినిపించాను. రామి తన గొంతు తానే విని, "నా గొంతు గింత ముసల్దయిందా!" అని నవ్వి, మళ్లీ పెట్టమంది.

జైసింగ్ నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. దారిలో ఆగి, "అక్కా, ఒక్క మాట. అన్నకు చెప్పద్దు" అన్నాడు.

"చెప్పు" అన్నాను.

"అన్న ఎన్కకెల్లి పిలుస్తె పలుకుతలేడు. ముందలికి పోయి నిలవడితెనే పలుకుతుండు. మొదట కోపమొచ్చిందేమో అనుకున్న. కోపం గాదు."

నేను అడిగాను: "మీ అన్న ఇంట్ల డెక్కు ఇన్నవా? బుస వస్తదా?"

"రాకేం? పాము లెక్క బుస్సుమంటది. వదిన గా మీట నొక్కితె తగ్గుతది."

చెప్పవద్దన్నాడు, నేను చెబుతున్నాను. అతని మీద కోపం చేయకు, నా మీద చెయ్యి. డెక్కు బాగానే ఉంది తమ్మీ. హెడ్డూ బాగానే ఉంది. మీటా పనిచేస్తోంది. పనిచేయనివి నీ చెవులు.

ఇది నాకు తెలియని సంగతి కాదు. లౌడ్‌స్పీకర్ల పక్కన ఏళ్లు గడిపిన మీ బావకు కుడి చెవి ఇలాగే అయింది. సన్నని శబ్దాలు ముందు పోతాయి. మాటలు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. ఫిడేలు పోతుంది, పిట్ట కూత పోతుంది, బుస పోతుంది. నువ్వు డ్రిల్లు మిషన్ల పక్కన ఎన్నేళ్లు చేశావో నీకే తెలుసు.

ఒకటి ఆలోచించు. కొత్త గనిలో బండ అంతా ఇసుక బస్తాలా మోగుతోందని రాశావు. బండ మారలేదేమో.

హనుమకొండలో చెవుల డాక్టరు ఉన్నాడు. నువ్వు ఏ రోజంటే ఆ రోజు నేను అక్కడికి వస్తాను.

రైలు వస్తోంది.

సులోచన


భూపాలపల్లి
అక్టోబర్ 1988

సులోచనక్కకు,

నా చెవుల గురించి తండాలో పంచాయితీ పెట్టినందుకు సంతోషం.

గనిలో పనిచేసేవాడి చెవులు కచ్చేరీ వినడానికి కాదు. ఫ్యాను మోత, మిషన్ల మోత, ట్రాలీల మోత. అక్కడ వెనక నుంచి పిలిస్తే ఎవడికి వినిపిస్తుంది? జైసింగ్‌కు నేను చెప్పాల్సింది చెప్పాను. నా గురించి ఎవరితోనూ మాట్లాడవద్దని చెప్పాను.

ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నా జాగాలో ఒక్క మనిషికి గీత పడలేదు. దుంగలు ఎక్కువ పెట్టించినందుకు నన్ను తిడుతున్నారు తప్ప, తక్కువ పెట్టించినందుకు కాదు. ఆ సంగతి కూడా నీకు తెలిసి ఉంటే బాగుండేది.

డాక్టరు దగ్గరికి పోతే చీటీ ఇస్తాడు. ఆ చీటీ గని ఆఫీసుకు చేరితే నేను సర్దార్‌ని కాను. అంతే. నాకు వచ్చిన పని ఇది ఒక్కటే. టేపులు విప్పి బిగించినంత తేలిక కాదు మనిషి బతుకు.

డెక్కు కావాలంటే పంపించేస్తాను.

జగపతి


జనగామ
నవంబర్ 1988

చిరంజీవి జగపతికి,

డెక్కు పంపవద్దు. దాంట్లో పెట్టి వినడానికి ఇంకో క్యాసెట్ పంపుతున్నాను. రామి పాటలు. చిన్న రికార్డర్ నుంచి మీట నొక్కి శుభ్రంగా ఎక్కించాను. ఒకటి జైసింగ్‌కు, ఒకటి మీ ఇంటికి. వీలైతే అతన్ని పిలిచి కలిసి వినండి. నా మాటకు అతన్ని దూరం పెట్టకు.

నువ్వు రాసిన దానికి జవాబు చెప్పను. మీ బావ కూడా కుడి చెవి సంగతి రెండేళ్లు ఒప్పుకోలేదు. టెలిఫోను వస్తే ఎడమ చెవికి మార్చుకుని, "గీ చెయ్యి నొస్తుంది" అనేవారు. నేను ఊరుకున్నాను. ఆయనకు వినబడకపోతే పోయేది మహా అయితే ఒక పాట. అందుకని ఊరుకోగలిగాను.

నేను ఎవరికీ రాయను. మీ ఆఫీసుకు రాస్తానేమోనని భయం ఉంటే తీసెయ్యి. మనోరమకు కూడా రాయను. ఇది నీ చేతిలోనే ఉంటుంది. కానీ జగపతీ, నువ్వు కొట్టి చూసి "ఫరవాలేదు" అన్న బండ కింద దుంగ పట్టుకుని నిలబడేది జైసింగ్. అతనికి తెలిసి కూడా నిలబడుతున్నాడు. నీ మీద అంత నమ్మకమా, నువ్వు నొచ్చుకుంటావని అంత మొహమాటమా, నాకు అర్థం కాలేదు. నీకు అర్థమైతే రాయి.

రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. ఇక్కడ చలి మొదలైంది. సునందకు ఉన్ని టోపీ అల్లుతున్నాను.

సులోచన


భూపాలపల్లి
ఫిబ్రవరి 1989

అక్కా,

టోపీ అందింది. సంక్రాంతి ముందు రాసిన కార్డు అందింది. ఆ తర్వాతిదీ అందింది. నీ మీద కోపం చాలా ముందే పోయింది. ఇన్నాళ్లూ రాయనివ్వనిది సిగ్గు.

రామి క్యాసెట్ వచ్చిన ఆదివారం జైసింగ్‌ను పిలిచాను. పాట మొదలవగానే అతను కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నవ్వి, "అన్నా, గివి మా అవ్వ గజ్జెలు. చిన్నప్పుడు జొన్నచేన్ల ఆమె ఎక్కడున్నదో గీ సప్పుడుతోనే ఎర్కయ్యేది" అన్నాడు. మనోరమ తల ఊపింది. పిల్ల లేచి ఆ లయకు గంతులు మొదలుపెట్టింది. నాకు రామి గొంతు వినిపించింది. చప్పట్లు వినిపించాయి. గజ్జెలు మాత్రం లేవు. నా ఇంట్లో, నా ముందు కూర్చుని అందరూ వింటున్నది నాకు లేదు. నేనూ తల ఊపాను. మనోరమ నా వైపు ఒక్కసారి చూసి, లేచి చాయ్ పెట్టడానికి పోయింది. నువ్వు వినమన్న ఖాళీ క్యాసెట్ ఆగస్టులోనే ఆమె విన్నది. బుస ఉందని నాకు చెప్పింది. నీకు రాయవద్దన్నది నేను.

గనిలో కూడా అప్పటికి పద్ధతి మారిపోయింది. బండను నేను కర్రతో కొడతాను. పక్కన జైసింగ్ నిలబడతాడు. నేను బండను చూడను, అతని మొహం చూస్తాను. అతను కళ్లు చిట్లిస్తే దుంగ పెట్టిస్తాను, మామూలుగా ఉంటే ముందుకు పోతాను. ఈ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నువ్వు అడిగింది నమ్మకమా మొహమాటమా అని. అతను నాకు చెవులు అరువిస్తున్నాడు అక్కా, నన్ను చిన్నబుచ్చకుండా.

పోయిన వారం మొదటి షిఫ్టులో మనుషులు పని మొదలుపెట్టారు. జైసింగ్ దుంగ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. నా ముందుకు వచ్చి, "అన్నా, రూఫ్ మాట్లాడుతుంది" అన్నాడు. బండ దిగే ముందు లోపల సన్నగా చిటపటమంటుంది, అన్నం గిన్నెలో నీళ్లు ఇంకేటప్పటి చప్పుడు లాగా. నేను మనుషులందరినీ కదలకుండా నిలబెట్టి విన్నాను. గోడ దగ్గర చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు.

అప్పుడే మా పైన లోపలి పని చూసే అండర్ మేనేజర్ వచ్చాడు. చిన్న వయసువాడు, కోస్తా వైపు మనిషి. పని ఆగిందేమిటని అడిగాడు. జైసింగ్ చెప్పాడు. ఆయన కాసేపు తల పైకెత్తి చూశాడు. ఆయనకు ఇంకా ఆ చప్పుడు ఏదో గుర్తుపట్టే అనుభవం లేదు. నా వైపు తిరిగి, "సర్దార్‌గారూ, మీరు చెప్పండి. మీకేం వినిపిస్తోంది?" అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు.

"నాకేం ఇనబడ్తలేదు సార్" అన్నాను.

"అయితే భయం లేదుగా?"

జైసింగ్ తల దించుకున్నాడు. నేను బాగానే ఉందంటే దుంగ ఎత్తుకుని ఆ బండ కిందికి పోయేవాడు అక్కా. అది నాకు ఆ దించిన తలలో కనబడింది.

"గట్ల గాదు సార్" అన్నాను. "బండ సప్పుడు చేస్తలేదని గాదు. నా చెవులకు ఇనబడ్తలేదు. శాన దినాల సంది సన్న సప్పుడు నాకు ఇనబడది. గీ జైసింగ్‌కు ఇనబడ్తది. ఆయన మాట మీద మనుషులను తీస్తున్న."

నేను అండర్ మేనేజర్ జవాబు కోసం ఆగలేదు. "నడువుండ్రి, అందరు బయటికి నడువుండ్రి" అని అరిచాను. చెవులు పోయినా గొంతు ఉంది కదా.

బయట ఎండలో కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కాలేదు. ఎవరో ఏదో అన్నారు, నాకు అందలేదు. జైసింగ్ మొహం మాత్రం మాడిపోయింది. "ఏమన్నరు?" అంటే "ఏం లేదన్న" అన్నాడు. తండా మనిషి మాట విని షిఫ్టు ఖరాబు చేశాననో ఏదో అని ఉంటారు. నేను అతని పక్కన జరిగి కూర్చున్నాను.

రెండో షిఫ్టు సర్దార్ చూడటానికి లోపలికి పోయి, పోయినంత వేగంగా తిరిగొచ్చాడు. మేము నిలబడిన చోట బండ దిగింది. దుంగలన్నీ విరిగి, దారి పైదాకా పూడుకుపోయింది. కింద ఎవరూ లేరు.

అండర్ మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, "మీరిది ముందే చెప్పవలసింది" అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడు నన్ను లోపలికి పంపడం లేదు. పై ఆఫీసుకు రాశారు. సర్దార్ పని ఇక ఉండదు. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను పడుకుంటే నిద్ర పట్టింది. చాలా రోజుల తర్వాత.

హనుమకొండకు ఎప్పుడు రమ్మంటావు?

జగపతి


జనగామ
మార్చి 1989

చిరంజీవి జగపతికి,

నీ ఉత్తరం దుకాణంలో చదువుతుంటే ఒక ఆమె క్యాసెట్ కోసం వచ్చి, నా మొహం చూసి బెంచీ మీద కూర్చుంది. చివరికి "ఎవలకన్న ఏమన్న అయిందా అమ్మా?" అని అడిగింది. "ఎవలకు ఏం కాలే, అందుకే" అన్నాను. ఆమెకేం అర్థమైందో.

వచ్చే సోమవారం పొద్దున హనుమకొండ బస్‌స్టాండులో ఉంటాను. మీ బావ కూడా వస్తానంటున్నారు. నీకు తోడు అని చెబుతున్నారు గానీ, ఆయన కుడి చెవి కూడా చూపించుకుంటారు. నువ్వు ఏమీ తెలియనట్టు ఉండు.

డాక్టరు ఏం చెబుతాడో నేను ముందే తీపిమాటలు చెప్పను. పోయింది తిరిగి రాకపోవచ్చు. అయినా ఒకటి రాయాలి. నా తమ్ముడికి చెవి మంచిదని చిన్నప్పటి నుంచి ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకో మాట ఉంది. అది మాత్రం ఎవరికీ చెప్పను, నాకే దాచుకుంటాను.

జైసింగ్‌కు నా మాటగా చెప్పు, పచ్చిపులుసు ఎప్పుడంటే అప్పుడు.

సులోచన


భూపాలపల్లి
జూన్ 1989

అక్కకు నమస్కారాలు.

నాకు పైన ల్యాంపు రూములో పని ఇచ్చారు. లోపలికి పోయేవాళ్లకు దీపాలు ఇవ్వడం, తిరిగొచ్చాక తీసుకోవడం. మొదటి వారం బరువుగానే గడిచింది. నిన్నటి దాకా నా వెనక నడిచినవాళ్లకు దీపాలు తుడిచి అందిస్తుంటే చేతులు నావి కానట్టు ఉండేవి. షిఫ్టు లోపలికి పోయాక గని మూతి దగ్గర ఊరికే నిలబడేవాణ్ణి. డాక్టరు ఇచ్చిన మిషన్ చెవిలో పెట్టుకుంటే తలుపు వేసినా ఉరిమినట్టుంటోంది. దాన్ని ఇంట్లో కాసేపు, పిల్ల దగ్గర పెట్టుకుంటున్నాను. గని దగ్గర పెట్టుకోను.

సునంద ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. నాతో మాట్లాడాలంటే ముందు నా చొక్కా గుంజుతుంది, నేను తిరిగి చూశాకే నోరు తెరుస్తుంది. మొన్న పక్కింటి పిల్లలకు చెబుతుంటే మనోరమ విన్నదట: "మా బాపుకు ముందలికొచ్చి చెప్పాలె. అట్లయితే అన్ని ఇంటడు."

జైసింగ్ సర్దార్ పరీక్షకు చదువుతున్నాడు. చదువు తక్కువ కాబట్టి మనోరమ కూర్చోబెట్టి చదివిస్తోంది. బండ గురించి పుస్తకంలో లేనిది నేను చెబుతున్నాను. "గివన్ని నాకెందుకు చెప్తున్నవన్నా?" అని ఒకరోజు అడిగాడు. నా దగ్గర ఉన్నది నీకు కాక ఎవరికి ఇవ్వాలన్నాను.

దీపాలు ఇచ్చే కిటికీ దగ్గర మోత ఎక్కువ. అక్కడ నాకు మనుషుల మాట అసలు అందదు. మొదటి రోజు అందరూ దీపాలు తీసుకుని పోతూ ఏదో అన్నారు, నేను ఊరికే తల ఊపాను. జైసింగ్ ఒక్కడే ఆగాడు. దీపం నా కళ్లలో పడకుండా టోపీ పక్కకు తిప్పి, మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి, "పోయొస్త అన్నా" అన్నాడు. పెదవులు చూసి పట్టుకున్నాను. మరునాడు అతని వెనకవాడు కూడా అలాగే ఆగాడు. ఇప్పుడు షిఫ్టు మొత్తం అదే చేస్తోంది. ఒక్కొక్కడు ఆగడం, టోపీ తిప్పడం, "పోయొస్త అన్నా". ఆ రోజు ఎండలో కూర్చుని గొణిగినవాళ్లు కూడా ఆగుతున్నారు. వరుస కదలడం లేదని అండర్ మేనేజర్ ఒకసారి విసుక్కున్నాడు.

నిన్న ఆయన లోపలికి పోవడానికి వచ్చాడు. దీపం తీసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగొచ్చి, టోపీ పక్కకు తిప్పి నా ముందు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. నాకు అలవాటైన మాట కాదు, అందలేదు. ఆయన విసుక్కోలేదు. మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ అన్నాడు: "వెళ్లొస్తానండీ."

"మంచిది సార్, పోయి రాండ్రి" అన్నాను.

నీ తమ్ముడు
జగపతి